మూడో దశలో దేవకమ్మ వంటిల్లు

చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో బస్సు దిగి, మైలున్నర లోపలికి నడిస్తే మా బడి వచ్చేది. పేరు దామోదర గురుకులం. నూటయాభై మంది పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుకునేవారు. ఆ బడిలో నేను తొమ్మిదేళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. దాని గురించి ఎవరైనా అడిగితే పిల్లల గురించో, పరీక్షా ఫలితాల గురించో చెప్పడం మర్యాద. నాకు మాత్రం వంటమనిషి దేవకమ్మే గుర్తొస్తుంది. ఆమె గురించి చెప్పాలంటే ఇరవై ఏళ్ల అభివృద్ధి ప్రణాళిక గురించి చెప్పాలి. ఆ ప్రణాళిక మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను.

దేవకమ్మది ఐరాల పక్క పల్లె. పుట్టింది చెరకు గానుగ దగ్గర, పెరిగింది గానుగ దగ్గర, పెళ్లాడింది బెల్లం వండేవాణ్ణి. భర్త పోయాక దామోదరంగారు ఆమెను తెచ్చి మా హాస్టలు వంటకు పెట్టారు. దామోదరంగారంటే చిత్తూరులో బెల్లం మండీ యజమాని, మా బడికి కరెస్పాండెంటు. దేవకమ్మ మనిషి చిన్నది, గొంతు పెద్దది. భోజనానికి పిలవాలంటే ఆమె ఒక్క కేక వేస్తే చాలు, పిల్లలు పళ్లేలతో పరిగెత్తుకొచ్చేవారు. ఈమె ఉండగా గంట కొట్టడం దండగ అని మా తోటమాలి, కాపలాదారు అయిన గురప్ప అనేవాడు.

ఆమె వండేది ఒకప్పటి బెల్లం గిడ్డంగిలో. చీమలు రాకుండా, చెమ్మ తగలకుండా కట్టిన గది కనక దానికి ఒక్క తలుపే ఉండేది. కిటికీ లేదు. దేవకమ్మ లోపలికి పోవాలన్నా, పొగ బయటికి రావాలన్నా ఆ తలుపే గతి. ఇద్దరిలో ఎవరో ఒకరు ఆగాలి. పొగ ఆగే రకం కాదు. ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉండేవి. కొత్తగా చేరిన పిల్లలు ఆమె ఏడుస్తోందనుకుని ఓదార్చబోయి తిట్లు తినేవారు.

డెబ్బై తొమ్మిదిలో చిత్తూరు కంటి డాక్టరు ఆమెకు తేల్చి చెప్పాడు. చూపు ఇప్పటికే కొంత పోయింది, మిగిలింది నిలవాలంటే పొగలోంచి బయటికి రావాలి, లేదంటే అయిదారేళ్లలో అదీ ఉండదు. సరిగ్గా ఆ నెలలోనే దామోదరంగారు మద్రాసులో ఏదో పెద్ద బడి చూసొచ్చారు. ఆ బడి గోడకు రాబోయే ఇరవై ఏళ్లలో కట్టబోయే భవనాల పటం వేలాడుతోందట. మనకూ ఒకటి కావాలన్నారు. వెంటనే ఒక కమిటీ పుట్టింది. దామోదరంగారు, హెడ్మాస్టరు గంగాధరంగారు, దస్తూరీ బాగుంటుందన్న ఒకే ఒక్క అర్హత మీద కార్యదర్శిగా నేను.

కమిటీ మూడో సమావేశం నడుస్తుండగా దేవకమ్మ వచ్చి, కొంగు చేతిలో నలుపుకుంటూ తలుపు దగ్గర నిలబడింది.

"సామీ, గోడకు ఒక కన్నం కొట్టిస్తే సాలు. కిటికీ కూడా వొద్దు. ఇంత కన్నం," అని రెండు చేతులతో చూపించింది. "డాక్టరు సెప్పినాడు. ఇట్లే పొగలో ఉంటే కండ్లు పోతాయంట."

"దానిదేముండాది, కొట్టిస్తే పోలా," అన్నారు దామోదరంగారు. ఆయన చెడ్డవారు కాదు. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. గంగాధరంగారు గొంతు సవరించుకుని నా చేతిలోని కాగితాల వైపు వేలు చూపించారు.

"పద్నాలుగో అంశం చదవండి సార్."

చదివాను. ప్రణాళికలో తాత్కాలికమని గుర్తించిన కట్టడాలకు ఎట్టి మార్పుగాని మరమ్మతుగాని చేయరాదు. ఆ వాక్యం రాసింది నేనే. 'చేయరాదు' కింద రెండు గీతలు కూడా కొట్టాను, చూడ్డానికి బాగుంటుందని.

"గిడ్డంగి తాత్కాలికం," అన్నారు గంగాధరంగారు. "మూడో దశలో కొత్త వంటశాల వస్తాది. ఎనభై నాలుగులో. ఎట్లాగూ పడగొట్టబోయే గోడకు కన్నమెందుకు?"

"ఎనబై నాలుగంటే ఇంకా ఎన్ని ఉగాదులు సామీ?"

"అయిదు."

దేవకమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అయిదంటే ఆగుతాయేమో కండ్లు," అంది, తనలో తాను చెప్పుకున్నట్టు. మళ్లీ అడిగింది, "ఆడ కిటికీలుంటాయా సామీ?"

నేను కాగితాలు చూసి ఆరు అన్నాను. "ఆరా!" అని నోటి మీద చెయ్యి వేసుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయింది. మేము పదిహేనో అంశంలోకి వెళ్లాము. అది ఈతకొలను గురించి.

తిరుపతి నుంచి వచ్చిన ఒక డ్రాయింగు ఆయన పటం గీసి ఇచ్చాడు. కాగితం మీద ఉంటే పిల్లల తల్లిదండ్రులకు అర్థం కాదని దామోదరంగారికి అనుమానం వచ్చింది. అందుకని మొత్తం ప్రణాళికను ఎనిమిది ఎకరాల ఎర్రమన్ను మీద సున్నపు పొడితో ముగ్గు పోయించారు. గ్రంథాలయం, ప్రయోగశాల, ప్రార్థనామందిరం, సభామందిరం, ఈతకొలను, హెడ్మాస్టరుగారి బంగళా, ఆగ్నేయ మూల వంటశాల. రెండు రోజుల్లో మా బడి ఇరవై ఏళ్లు ముందుకు పోయింది.

గీతలు పోశాక వాటికి మర్యాద వచ్చింది. గోడ ఉన్నచోట గోడ ఉన్నట్టే నడవాలని గంగాధరంగారు ఉత్తర్వు వేశారు. అలవాటు ఇప్పటినుంచే కాకపోతే, తీరా కట్టాక పిల్లలు గోడలకు గుద్దుకుంటారట. గ్రంథాలయం గోడలోంచి నడిచిన పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టారు. పాపం అదీ గ్రంథాలయం లోపలే, నిశ్శబ్దంగా. ఆటస్థలంలో సగం ఈతకొలనులో కలిసిపోయింది. బంతి అందులో పడితే హెడ్మాస్టరు అనుమతి లేకుండా తీయకూడదు, లోతు ఎనిమిది అడుగులు కదా. ఒకరోజు ఆలస్యమై నేనే సభామందిరం గోడను దాటి వచ్చాను. సంజాయిషీ రాసిమ్మన్నారు. గోడలోంచి వచ్చినందుకు క్షమించవలెనని రాసిచ్చాను. బీయే బీయీడీ చదివి ఆ వాక్యం రాసినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

తల్లిదండ్రులు మా కంటే తేలిగ్గా అలవాటు పడ్డారు. నగరి నుంచి వచ్చిన ఒక మగ్గాల యజమాని ప్రార్థనామందిరం గీత దగ్గర చెప్పులు విప్పాడు. లోపలికి వెళ్లి, ఏమీ లేని తూర్పు దిక్కుకు దండం పెట్టుకుని వచ్చి, కొడుకును ఆరో తరగతిలో చేర్పించాడు.

అయితే సున్నపు గీత వానకు ఆగదు, మేకలకు ఆగదు. వారానికోసారి గురప్ప తాడు, మేకులు పట్టుకుని గీతలన్నీ మళ్లీ పోసేవాడు. వంటశాల దగ్గరికి వచ్చేసరికి దేవకమ్మ అడ్డం పడింది.

"నా వంటిల్లు నేనే గీసుకుంటా గురప్పా. దినామూ వాకిట్లో ముగ్గు పోస్తానే ఉండా గదా, దాంతో ఇదీ పోస్తా. నువ్వు మిగతా ఎనిమిదెకరాలు సూసుకో."

అప్పటినుంచి ప్రతి ఉదయం గిడ్డంగి ముందు ముగ్గు పెట్టాక, అదే డబ్బా పట్టుకుని వంటశాలకు పోయేది. నాలుగు గోడలూ పోసి, తలుపుకూ ఆరు కిటికీలకూ చోటు వదిలేది. తర్వాత మధ్యలో కాసేపు నిలబడేది. నేను ఒకసారి అటు పోతూ అడిగాను.

"ఏం చేస్తావుండావక్కా ఆడ?"

"గాలి సూస్తావుండా అయివోరా. ఈ కిటికీ కన్నా ఆ కిటికీలో బాగా వస్తాది."

మూడు నెలలకోసారి గీతలను టేపుతో కొలిచి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టడం కార్యదర్శి బాధ్యత. పటం ప్రకారం వంటశాల ముప్పై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు. మొదటిసారి కొలిచినప్పుడు ఒక అడుగు ఎక్కువుంది. రెండోసారి మూడు అడుగులు. నాకు విషయం అర్థమై నవ్వొచ్చింది. ఒక్క కన్నం అడిగితే ఇవ్వనివాళ్ల దగ్గర ఈమె రోజుకొక వేలెడు చొప్పున నేలంతా లాగేసుకుంటోంది. భేష్ అనుకున్నాను. రిజిస్టరులో ముప్పై ఇరవై అని రాసి సంతకం పెట్టాను. ఆమెకు నేను చేయగలిగిన సాయం అదేనని నా ఉద్దేశం. చేసినందుకు నా మీద నాకే ముచ్చటేసింది కూడా.

ఎనభై రెండు నాటికి వంటశాల నలభై అడుగులు దాటి, పక్కనున్న హెడ్మాస్టరు బంగళాకు తగిలింది. ఒక గోడ ఇంకో గోడను తొక్కకూడదు. గురప్ప పద్ధతి గల మనిషి, అందుకని బంగళా గోడను వెనక్కి జరిపాడు. గంగాధరంగారికి మొదట వరండా పోయింది. తర్వాత దేవుడి గది. ఆయన ఆదివారాల్లో కుర్చీ తెచ్చుకుని తన రాబోయే వరండాలో కూర్చుని పేపరు చదివేవారు. ఒక ఆదివారం గురప్ప దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సామీ, తప్పుగా అనుకోవద్దండి. మీరు వంటింట్లో కూసోనుండారు."

ఆయన పేపరు దించి చుట్టూ చూశారు. గిడ్డంగి గుమ్మంలోంచి దేవకమ్మ కేక వేసింది. "ఎవరది ఆడ? అన్నానికి ఇంకా టైముండాది!"

గంగాధరంగారు మండిపడి నా దగ్గరికి వచ్చారు. నేను రిజిస్టరు తీసి చూపించాను. ముప్పై, ఇరవై. పన్నెండు సంతకాలు. ఆయన చాలాసేపు ఆ అంకెల వైపు చూశారు. రిజిస్టరులో ముప్పై అని ఉన్నాక నేల మీద ఎంత ఉన్నా అది ముప్పయ్యేనని నమ్మే మనిషి ఆయన. కుర్చీ ఎత్తుకుని అవతలికి పోయారు.

ఈలోగా ప్రణాళిక ముందుకు పోతూనే ఉంది. మొదటి దశలో ఇరవై అడుగుల ముఖద్వారం కట్టారు. దానికి అటూ ఇటూ గోడ లేదు కనక మేకలు పక్కనుంచి వచ్చేవి, మనుషులు మాత్రం ద్వారంలోంచి వచ్చేవారు. రెండో దశ అంటే ప్రణాళికను సమీక్షించడం. దానికి ఏడాదిన్నర పట్టింది. సమీక్షలో తేలిందేమంటే, చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులందరూ ఈతకొలను ఎప్పుడని అడుగుతున్నారు. వంటశాల ఎప్పుడని ఒక్కరూ అడగలేదు. అందుకని ఈతకొలను మూడో దశకు వచ్చింది, వంటశాల నాలుగో దశకు పోయింది. ఎనభై తొమ్మిది. నా అందమైన దస్తూరీతో అదీ రాశాను. ఇప్పటికీ దానికి సిగ్గుపడుతున్నాను.

బయటికి వస్తుంటే దేవకమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆ రోజుల్లో అన్నంలో రాళ్లు ఎక్కువగా వచ్చేవి. మేమంతా బియ్యం వ్యాపారిని తిట్టుకునేవాళ్లం.

"అయివోరా, మీటింగు అయ్యిందా? మన వంటిల్లు ఎనబై నాలుగేనా?"

"ఎనభై నాలుగే అక్కా," అన్నాను. ఇంకేం చెప్పను?

"రెండు ఉగాదులుండాయి," అంది తృప్తిగా.

ఎనభై నాలుగు వచ్చింది. ఉగాదికి ముందు దామోదరంగారు ఈతకొలను తవ్వడానికి నగరి నుంచి ఏకాంబరం మేస్త్రీని పిలిపించారు. "ముగ్గు పోసే ఉండాది, ఈతకొలను అంటే పొడుగ్గా, పెద్దగా ఉంటాది, సూసుకోని తవ్వు," అని చెప్పి ఆయన భార్యతో మద్రాసు పోయారు. గంగాధరంగారూ నేనూ పరీక్ష పేపర్లు దిద్దడానికి తిరుపతిలో ఉన్నాం. పిల్లలకు పండుగ సెలవులు. గురప్ప మూడు వారాలుగా జ్వరంతో మంచం మీద ఉన్నాడు. అందువల్ల మేకలూ గాలీ కలిసి గ్రంథాలయాన్నీ, ప్రయోగశాలనూ, ఈతకొలనునూ నేలమట్టం చేసేశాయి. ఎనిమిది ఎకరాల్లో తెల్లగా మెరుస్తున్నది ఒక్క వంటశాలే. దేవకమ్మ ఊరికి పోయే రోజు పొద్దున కూడా గీత పోసే వెళ్లింది. అప్పటికి దాని పొడవు యాభై రెండు అడుగులు.

మేము తిరిగొచ్చేసరికి అక్కడ ఆరడుగుల లోతు గుంత. ఏకాంబరం దాని గట్టు మీద నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"ఇది వంటశాల!" అన్నారు గంగాధరంగారు.

"యారికి తెలుసప్పా," అన్నాడు ఏకాంబరం. "పొడుగ్గా పెద్దగా ఉండేది తవ్వమన్నారు. ఈడ ఇదొక్కటే ఉండాది. యాబై రెండు అడుగుల వంటిల్లు నేను యాడా సూడలా."

మర్నాడు దామోదరంగారి కారు వచ్చింది. ఆయన భార్య శకుంతలమ్మగారు దిగకుండానే గుంతను చూసి, దిక్కులు చూసుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు.

"ఆగ్నేయంలో నీళ్ల గుంతా? అగ్ని మూల నీళ్లు నింపితే ఇల్లు నిలస్తాదా, యాపారం నిలస్తాదా? ఎవరు సెప్పినారు మీకు ఈ పని సేయమని?"

దామోదరంగారు వెంటనే పూడ్చెయ్యమన్నారు. ఏకాంబరం బీడీ పారేసి తల అడ్డంగా ఊపాడు. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి పలుగు దించాడట. పూజ చేసిన గుంతను ఊరికే పూడిస్తే తవ్వించినవారికి మంచిది కాదు, తవ్వినవాడికి అంతకన్నా మంచిది కాదు. అందులోంచి ఏదో ఒక కట్టడం లేవాల్సిందే.

"ఆగ్నేయంలో ఏం కట్టొచ్చబ్బా మరి?" అన్నారు దామోదరంగారు, మా అందరి మొహాలూ చూస్తూ. అయిదేళ్లు ప్రణాళిక వేసిన మాకు ఆ జవాబు తట్టలేదు.

"వంటిల్లు సామీ," అన్నాడు దుప్పటి కప్పుకుని వచ్చిన గురప్ప.

కొలత తగ్గించాలని గంగాధరంగారు చివరి ప్రయత్నం చేశారు. గుంత యాభై రెండు ఉంటే గోడ ముప్పైకి యాడ నిలబడతాదని ఏకాంబరం అడిగాడు. ఆ విధంగా గుంత ఎంతుందో అంత వంటశాల లేచింది. అంత పెద్ద గదికి ఆరు కిటికీలు ఆనవని పన్నెండు పెట్టారు. పైన పొగగొట్టాలు మూడు. హెడ్మాస్టరు బంగళాకు చోటు చాలక దాన్ని తొంభై తొమ్మిదికి వాయిదా వేశారు. మూడో దశలో అనుకున్న వంటశాల అనుకున్న ఏడాదిలోనే పూర్తయిందని, దూరదృష్టి అంటే ఇదేనని దామోదరంగారు వార్షిక నివేదికలో రాయించారు. రాసింది మళ్లీ నేనే. దేవకమ్మకు నేను చెప్పిన అబద్ధం కూడా నిజమైపోయింది కనక ఆ రోజు నాకు గాల్లో తేలినట్టుంది.

ప్రారంభం దసరా సెలవులు అయ్యాక, పొద్దున పది గంటలకు పెట్టారు. ఉపన్యాసాలు అయ్యాయి. అందరూ కాఫీలకు బయటికి వెళ్లారు. దేవకమ్మ ఒక్కతే కొత్త చీరలో, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్లాను. నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"అక్కా, నీకున్న తెలివి మా కమిటీలో ఎవరికీ లేదు. దినామూ గీత జరిపి, జరిపి, హెడ్మాస్టరు బంగళానే మింగేస్తివి! నాకు మొదట్నుంచీ తెలుసు. నేనే రిజిస్టరులో దాచిపెట్టినా."

ఆమె నా వైపు కాకుండా, నాకు కొంచెం పక్కకు మొహం తిప్పింది.

"జరిపేదేంది అయివోరా? నేనెందుకు జరుపుతా?"

"యాభై రెండు అడుగులుండాది గదక్కా!"

"అంత పెద్దదా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం. "ముందునాటి గీత కనపడితే దాని మీదనే పోసేదాన్ని. మొదట్లో మసకమసకగా కనపడతావుండె. తర్వాత అదీ లేదు. లోపలికి పోస్తే వంటిల్లు సిన్నదైపోతాదేమోనని బయం. అందుకే తెలీనప్పుడంతా కొంచెం బయటికే పోస్తి."

"మాతో ఒక మాట చెప్పి ఉండకూడదా?"

"సెప్తే వంట మానిపిస్తారు గదా. మానిపిస్తే, ఇది కట్టినప్పుడు నేను ఈడ ఉండను గదా అయివోరా."

ఒక అడుగు, మూడు అడుగులు, పది, ఇరవై రెండు. మూడు నెలలకోసారి టేపు పట్టుకుని ఆమె చూపు ఎంత పోయిందో కొలుస్తూ వచ్చాను. కొలిచి, నవ్వుకుని, ఏమీ మారలేదని రాసి సంతకం పెట్టాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోవలసినవాణ్ణి, లెక్క దాచి గొప్ప ఉపకారం చేశాననుకున్నాను.

"కిటికీలన్నీ తెరిచినారా?" అని అడిగింది.

"తెరిచే ఉండాయక్కా. పన్నెండూ."

"ఒకసారి సూపీ."

ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికీ తీసుకెళ్లాను. ప్రతిదాని దగ్గరా ఆగి, చువ్వలు తడిమి, చెయ్యి బయటికి పెట్టి చూసుకుంది. పన్నెండో కిటికీ దగ్గర మొహం గాలికి పెట్టి, పెద్దగా నవ్వింది.

"ఇంక పొగ నిలబడదు ఈడ," అంది.